గీటు చాలు... కరిగించక్కర్లేదు!

నగ మంచిదో కాదో తెలియాలంటే ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో దాన్ని కరిగించాల్సిన పనిలేదు. గీటురాయి మీద సన్నగా ఓ గీత గీస్తే చాలు, పనితనం తెలిసినవాళ్లు నాణ్యత చెప్పేస్తారు. ఛాతీకి తీసే సీటీ స్కాన్‌కూ ఇదే సూత్రం. ఊపిరితిత్తుల్లో ఏముందో తెలియడానికి ఎంత రేడియేషన్‌ కావాలో అంతే వాడాలి!

2021 మే నెల గుర్తుందా? కరోనా రెండో అల రోజులవి. కాస్త దగ్గొస్తే చాలు, జనం స్కానింగ్‌ సెంటర్లకు పరుగులు తీశారు. అప్పుడే దిల్లీ ఎయిమ్స్‌ డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్‌ రణదీప్‌ గులేరియా, ఒక్క సీటీ 300-400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమన్నారు. అది పాతకాలం మాట, కొత్త యంత్రాల్లో 5-10 ఎక్స్‌రేలంతేనని రేడియాలజిస్టుల సంఘం బదులిచ్చింది. జనం అయోమయంలో పడ్డారు.

ఎవరి లెక్క నిజం?

చిత్రమేంటంటే, రెండూ నిజమే! ఛాతీకి తీసే ఒక్క ఎక్స్‌రేకి పడేది సుమారు 0.02 మిల్లీసీవర్ట్‌. మామూలు ఛాతీ సీటీకి 6-7. అంటే 300 రెట్లకు పైమాటే. అదే తక్కువ మోతాదులో తీస్తే 1.5 దగ్గర ఆగుతుంది. మరీ తగ్గిస్తే 0.1-0.2కూ దిగుతుంది. తేడా అంతా యంత్రాన్ని వాడే తీరులోనే ఉంది.

పక్కనే తుమ్మలపల్లె యురేనియం గని ఉండటంతో పులివెందుల వాసులకు రేడియేషన్‌ అనే మాట కొత్తకాదు. మట్టి, రాయి, ఆకాశం నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. స్కాన్‌ కిరణాలు మాత్రం యంత్రం ఆపగానే ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. కానీ స్కాన్లు పెరిగేకొద్దీ క్యాన్సర్‌ ముప్పు కొద్దికొద్దిగా పెరుగుతుందన్నది నిపుణుల అంచనా. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

తగ్గించేదెలా?

చీకట్లో సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తే బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది కదా! సీటీలోనూ అంతే. మోతాదు సగం చేస్తే ఆ చుక్కల గోల దాదాపు 1.4 రెట్లవుతుంది. అయితే ఊపిరితిత్తుల నిండా గాలే కాబట్టి, కాస్త చుక్కలున్నా గడ్డ స్పష్టంగానే కనిపిస్తుంది. అందుకే సన్నగా ఉన్నవాళ్లకు 120 కిలోవోల్టుల బదులు 100 చాలు. భుజాల దగ్గర కిరణాలు పెంచి, ఊపిరితిత్తుల దగ్గర తగ్గించే పని యంత్రమే చేసుకుంటుంది. ఆపైన మిగిలిన చుక్కల్ని సాఫ్ట్‌వేర్‌ తుడిచేస్తుంది. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా ఇందుకు సాయపడుతోంది.

అమెరికాలో పొగతాగేవాళ్లు, తాగి మానేసినవాళ్లు 53 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. ఎక్స్‌రే బదులు తక్కువ మోతాదు సీటీ తీసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ మరణాలు 20 శాతం తగ్గాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి దుమ్ములో పనిచేసేవాళ్లకు, క్షయ వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీమళ్లీ స్కాన్‌ అవసరం పడొచ్చు. ఈ పద్ధతి ఎక్కువ మేలుచేసేది అలాంటివాళ్లకే.

అలాగని మరీ పిసినారితనం పనికిరాదు. లావుగా ఉన్నవాళ్లకు మోతాదు మరీ తగ్గిస్తే బొమ్మ చెడుతుంది. మళ్లీ తీయాల్సొస్తే తగ్గించిన ఫలం దక్కదు.

మీరేం చేయాలి?

* ఎక్స్‌రేతో సరిపోతుందేమో ముందే డాక్టర్ని అడగండి.
* కడప, తిరుపతి, బెంగళూరు... ఎక్కడికెళ్లినా పాత ఫిల్ములు, సీడీలు వెంట తీసుకెళ్లండి.
* గర్భం ఉందన్న అనుమానమున్నా ముందే చెప్పండి.
* చేతులు తలపైకెత్తి, చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టండి. కదిలితే బొమ్మ చెదురుతుంది.
* డోస్‌ రిపోర్టు అడగండి. అందులో ‘డీఎల్‌పీ’ అంకెను 0.014తో హెచ్చవేస్తే పెద్దవాళ్ల ఛాతీ స్కాన్‌కు మోతాదు సుమారుగా తెలుస్తుంది. 430 ఉంటే 6, 100 ఉంటే 1.4 మిల్లీసీవర్ట్‌లన్నమాట.

అవసరమైన స్కాన్‌ను భయంతో మానేయడం రేడియేషన్‌ కన్నా ప్రమాదం. తీయించుకోండి... కాకపోతే కొలత అడిగి మరీ తీయించుకోండి. తులం బంగారం కొనేటప్పుడు తూకం చూడకుండా ఊరుకుంటామా!