అనుమానం వస్తే చంపొచ్చన్న చట్టం ఏదీ లేదు

ఆత్మరక్షణ తరగతుల మాట ఎత్తితే చాలు, ఆ వాట్సాప్ సందేశం మళ్లీ వచ్చి పడుతుంది. అత్యాచారం జరుగుతుందేమోనన్న అనుమానం కలిగితే ఆడపిల్ల ఎదుటివాణ్ణి చంపేయొచ్చట, 233వ సెక్షన్ కింద ఆమె మీద హత్య కేసే ఉండదట. 2019 చివర్లో, హైదరాబాద్ దగ్గర జరిగిన దిశ అత్యాచారం, హత్య ఘటనతో దేశం రగిలిపోతున్నప్పుడు ఇది విపరీతంగా తిరిగింది. అలాంటి చట్టం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ లేదు. పాత శిక్షాస్మృతిలోని 233వ సెక్షన్ దొంగ నాణేల తయారీ పనిముట్ల గురించి. ఆ శిక్షాస్మృతి కూడా 2024 జులై 1తో పోయింది. చదవకుండా పంపేవాళ్లకు ఇదంతా ఎన్నిసార్లు చెప్పాలి?

ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువే. ఆ హక్కు ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానం. మన కోసమే కాదు, పక్కవాళ్లను కాపాడటానికీ వర్తిస్తుంది. చావో, తీవ్ర గాయమో తప్పదన్న సహేతుకమైన భయం కలిగించే దాడి, అత్యాచార యత్నం, అపహరణ, యాసిడ్ దాడి వంటివి ఎదురైతే దాడిచేసినవాడి ప్రాణం పోయినా నేరం కాదని 38వ సెక్షన్ చెబుతుంది. అయితే అవసరానికి మించి హాని చేయకూడదనీ, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదనీ 37వ సెక్షన్ హద్దు గీస్తుంది. ప్రమాదం తప్పాక, పారిపోతున్నవాణ్ణి వెంటపడి కొడితే అది దాడే. ఆత్మరక్షణ కోసమే కొట్టానని కోర్టులో చూపించుకోవాల్సిన బాధ్యతా కొట్టినవాళ్లదే.

అనుమానాన్నే రుజువుగా తీసుకుంటే ఏమవుతుందో జంషెడ్‌పూర్‌లో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకారుతో 2017 మే 18న బాగ్‌బేడా దగ్గరి నాగాడీలో ముగ్గురిని, సరాయ్‌కేలా జిల్లా శోభాపూర్‌లో నలుగురిని గుంపులు కొట్టి చంపాయి. నాగాడీలో మనవళ్లతో పాటు దెబ్బలు తిన్న ముసలావిడ తర్వాత చనిపోయింది. వాళ్లెవరూ పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు కారు. కొట్టినవాళ్లు మాత్రం ఊరిని కాపాడుతున్నామనే అనుకున్నారు. 233 సెక్షన్ సందేశం నూరిపోసేది సరిగ్గా ఇదే బుద్ధిని.

ఆత్మరక్షణ గురించిన మిగతా చిన్నాచితకా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. బ్లాక్ బెల్ట్ లేకపోతే నేర్చుకోవడం దండగన్నది అబద్ధం. వేళ్ల సందున తాళంచెవులు పెట్టుకుని గుద్దితే ముందు మన చెయ్యే చీరుకుపోతుంది. గొలుసు తెంచేవాడితో పెనుగులాడటం ధైర్యం కాదు, వదిలేయండి.

పెప్పర్ స్ప్రే విషయంలో మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు. లైసెన్స్ అక్కర్లేదు, తప్పించుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. కానీ హ్యాండ్‌బ్యాగు అడుగున పడి ఉంటే పనికిరాదు, ఎదురుగాలిలో మన కళ్లలోనే పడుతుంది. గడువు తేదీ చూసుకోండి, ఒకసారి ఆరుబయట వాడి చూడండి.

ముప్పు ఎప్పుడూ చీకటి సందులో తెలియనివాడి నుంచే వస్తుందన్న భ్రమను శిక్షకులూ వదలాలి. అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. కెనడాలో విశ్వవిద్యాలయ విద్యార్థినులకు 12 గంటల శిక్షణ ఇచ్చారు. పరిచయస్థుల నుంచి వచ్చే ముప్పును పసిగట్టడం, గట్టిగా వద్దనడం, విడిపించుకోవడం నేర్పారు. ఏడాది తర్వాత చూస్తే, శిక్షణ పొందనివారిలో 9.8 శాతం అత్యాచారానికి గురయ్యారు, పొందినవారిలో 5.2 శాతం. 2015లో వెలువడిన ఈ ఫలితాన్ని మించిన ప్రచారం ఆత్మరక్షణకు ఇంకేం కావాలి?

అందుకే మణికట్టు విడిపించుకోవడం, గొంతెత్తి అరవడం, పారిపోవడం, 112కు ఫోన్ చేయడం పదేపదే సాధన చేయించే తరగతినే ఎంచుకోండి. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చని పిల్లలకు చెప్పండి. జంషెడ్‌పూర్‌లోని కదమా, బిష్టుపూర్, టెల్కోల్లో మన తెలుగువాళ్లు శిబిరాలు పెట్టేటప్పుడు ఒక గంట న్యాయవాదికి కేటాయించండి. ఆడపిల్లలనే కాదు, మగపిల్లలనూ అమ్మలనూ కూడా పిలవండి.