ఉగ్గాణీ, ఉప్పు తిన్న విశ్వాసమూ

పండుగనాడు పదిమందిని పిలిచినప్పుడు ముందుగా ఏం పెట్టాలన్నది ప్రతి ఇల్లాలికీ వచ్చే చిక్కే. కర్నూలు, కడప వైపు ఆ చిక్కు లేదు. బొరుగులుంటే చాలు. కోస్తావారు మరమరాలనేవి మాకు బొరుగులు. వాటితో చేసేది ఉగ్గాణి. మా ఇంట క్రిస్మస్ సాయంత్రం కేకుకన్నా ముందు పళ్ళెంలోకి వచ్చేది అదే.

చేయడం బహు తేలిక. పదిమందికి అరకిలో బొరుగులు. నీళ్ళలో ముంచి వెంటనే పిండి తీయాలి, నాననిస్తే ముద్దయిపోతాయి. బాణలిలో నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఉల్లిపాయ ముక్కలు, నూరిన పచ్చిమిరపకాయలు, పసుపు వేసి మగ్గించి, బొరుగులు కలిపి, పైన పుట్నాలపొడి చల్లి, నిమ్మకాయ పిండటమే. ఉప్పు మాత్రం చివర, రుచి చూసి వేయండి. బొరుగులు వేయించేముందే బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టిస్తారు. కంటికి కనపడని ఉప్పు అందులో ఉండనే ఉంటుంది.

మొన్నటి క్రిస్మస్‌కు వచ్చిన మిత్రుడొకరు ఆ పళ్ళెం చేతబట్టుకొనే, "ఏమి సార్, మీ పెద్దోళ్ళు కరువులో గంజి కోసరమే గదా కలిసినారు?" అన్నారు. ఎకసెక్కంగా కాదు, తెలుసుకుందామనే.

1876–78 నాటి ధాత కరువు దత్తమండలాలను ఊడ్చిపెట్టింది. అప్పుడు గంజి కోసం వచ్చినవారు లేరని నేననను. ఆకలి అబద్ధం కాదు గదా! ఆ అనుమానం ఆనాటి దొరలకూ వచ్చింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. ఆ పని నడిచినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తరువాత 1878 జూలై 3న, మా నల్లమలలో పుట్టి అటు పారే గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇది చరిత్ర చెప్పే జవాబు. తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక నాకు ఇంకొకటి తోస్తుంది. బైబిలును తెలుగు చేసినవారు దైవంపై నమ్మకానికి 'విశ్వాసము' అన్నారు. మన ఇళ్ళలో ఆ మాటకు వాడుక వేరు. ఉప్పు తిన్న విశ్వాసమంటాం. కుక్కకున్న విశ్వాసమైనా లేదని తిడతాం. పెట్టిన చేతిని మరువకపోవటమే దాని అర్థం. ఆ మాట చెవినబడిన మా పూర్వపు అవ్వలకు గంజికీ దేవునికీ మధ్య గీత గీయవలసిన పనేముంది?

యేసు అయిదు యవల రొట్టెలతో, రెండు చేపలతో అయిదువేలమందికి పెట్టిన కథ అందరికీ తెలిసిందే. కడుపునిండా తిన్నారు గనుకే తనను వెతుక్కుంటూ వచ్చారని మరునాడు ఆయన మందలించాడు కూడా. అదీ యోహాను సువార్తలోనే ఉంది. రొట్టెలు పంచేముందు మాత్రం, ఎందుకొచ్చారని ఎవరినీ అడగలేదు.

మిత్రునికి ఇదంతా చెప్పాను. ఒప్పుకున్నారో లేదో గాని, మారు పెట్టించుకున్నారు.

అన్నట్టు, ఉగ్గాణికి మిరపకాయ బజ్జీ తోడుండాలి. అవి ముందే వేసి ఉంచకండి, మెత్తబడతాయి. వచ్చినవారు కూర్చున్నాకే నూనె పొయ్యిమీద పెట్టండి.