గాజు తుడిచినా పాచి మళ్లీ ఎందుకు పడుతుంది?

ప్రశ్న: మాది జనగామ. ఇంట్లో చిన్న అక్వేరియం ఉంది. వారం వారం గాజు తుడుస్తున్నాం. నాలుగు రోజుల్లోనే మళ్లీ పాచి పడుతోంది. ఎందుకు?

జవాబు: తుడిస్తే గాజు మీది పాచి పోతుంది. దాన్ని పెంచే తిండి మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ తిండి ఎక్కడిదో ముందు చూద్దాం.

చేపలకు మేత వేస్తాం. అవి తిని విసర్జించేదీ, తినకుండా కంకరలోకి జారి కుళ్లేదీ అమ్మోనియాగా మారుతుంది. కంకరలో, ఫిల్టర్ స్పాంజిలో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా చేపకు విషం. నైట్రేట్ కొద్దిగా ఉంటే అంత హాని చేయదు. అందుకే చేపలు హుషారుగానే తిరుగుతుంటాయి, మనకు అనుమానమే రాదు. కానీ ఆ నైట్రేట్, మేతలోంచి వచ్చే ఫాస్ఫేట్, పైన వెలుతురు, ఈ మూడూ కలిస్తే పాచికి ఇంకేమీ అక్కర్లేదు.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్దచెరువునో, భూపాలపల్లి జిల్లా గణపురం చెరువునో తీసుకోండి. రెండూ కాకతీయుల నాటివి. వాటిలోకీ పొలాల ఎరువు కొట్టుకొస్తుంది. అయితే వానలు బాగా పడ్డ ఏడు చెరువు నిండి మత్తడి దుంకుతుంది, పాత నీళ్లు కొంత బయటికి పోతాయి. మీ అక్వేరియానికి మత్తడి లేదు. లోపల పడ్డది లోపలే ఉంటుంది.

ఎండాకాలంలో అక్వేరియం నీళ్లు రెండు వేళ్లు తగ్గుతాయి కదా, ఆవిరయ్యేది ఉత్త నీరే. అందులో కరిగినవన్నీ మిగులుతాయి. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లు పోస్తాం. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లలో నైట్రేట్ తాగునీటి హద్దు అయిన లీటరుకు 45 మిల్లీగ్రాములను దాటింది. అంటే పోసిన ప్రతిసారీ పాచికి కొత్త తిండి చేరుతుందన్నమాట. కాబట్టి తగ్గినంత పోస్తే చాలదు, పాత నీళ్లు నాలుగో వంతు తీసేసి కొత్తవి పోయాలి. ఆ కొత్త నీళ్లూ మంచివై ఉండాలి.

ఇక పాచి రంగు చూడండి. కొత్త తొట్టెలో గోధుమరంగు పొడిలా పట్టి, వేలితో రాస్తే వచ్చేది డయాటమ్. దాని కణానికి సిలికా కవచం ఉంటుంది. మనది రాతి నేల, బోరు నీళ్లలో సిలికా కరిగి ఉంటుంది. కొత్త తొట్టెలో ఇది కొన్ని వారాల్లో తానే తగ్గుతుంది, కంగారుపడనక్కర్లేదు. పచ్చగా వెంట్రుకల్లా సాగితే మేతా వెలుతురూ ఎక్కువైనట్టు. కిటికీ ఎండ తప్పించి, లైటు రోజుకు 6 నుంచి 8 గంటలకు మించకుండా చూడండి. జిగటగా, పొరలా ఊడి వచ్చేది అసలు పాచి కాదు, సయనోబ్యాక్టీరియా. మంచినీళ్ల తొట్టెలో నీలిపచ్చగా, ఉప్పునీళ్ల తొట్టెలో తరచుగా ముదురు ఎరుపుగా ఉంటుంది. నీళ్లు కదలని మూలల్లో, కుళ్లు పేరుకున్నచోట చూడండి, అక్కడే పట్టి ఉంటుంది.

ఉప్పునీళ్ల తొట్టె పెంచేవారికి ఒక మాట. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు కలిపే ఆ తొట్టెలో ఆవిరయినంత ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరిగిపోతుంది.

టెస్ట్ కిట్‌లో నైట్రేట్ సున్నా అని వచ్చినా నమ్మి ఊరుకోకండి. దట్టంగా పెరిగిన పాచి నైట్రేట్‌ను పుట్టింది పుట్టినట్టే పీల్చేసుకుంటుంది. ఇక పరీక్షలో ఏం కనిపిస్తుంది?

లోపం పోసే నీళ్లదా, తొట్టెదా తేల్చుకోవడానికి ఒక పని చేయండి. కాస్త పచ్చపాచి గీకి, కడిగి, రెండు గాజు సీసాల్లో సమంగా వేయండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, రెండోదాంట్లో ఆర్‌ఓ నీళ్లు పోసి ఒకే కిటికీలో రెండు వారాలు ఉంచండి. బోరు సీసాలోనే పాచి బాగా పెరిగితే మార్చాల్సింది పోసే నీళ్లు. రెండింట్లోనూ డీలాపడితే రేపటి నుంచి చేపలకు మేత సగం చేసి చూడండి.