మట్టిదిబ్బ మీద రాతి బురుజు

కోట అనగానే మీకు రాతిగోడలే గుర్తొస్తాయి కదర్రా! ఇంగ్లండులో నార్మన్లు మొదట్లో కట్టిన కోటలు చాలావరకు మట్టి, కర్ర కోటలే. 1066లో ఆ దేశాన్ని గెలిచిన నార్మన్ల రాజు విలియంకు రాళ్లు చెక్కించేంత వ్యవధి లేదు, ఎటు చూసినా తిరుగుబాట్లే. కందకం తవ్వించి, ఆ మట్టినే దిబ్బగా పోయించి, పైన కర్ర బురుజు నిలబెట్టించేవాడు. యార్క్ నగరంలో 1068, 1069లలో ఊజ్ నదికి ఈ ఒడ్డునొకటి, ఆ ఒడ్డునొకటి వేయించాడు. రెండోది ఎనిమిది రోజుల్లోనే లేచిందట! ఆ రెండింట్లో ఒకదాన్ని ఇప్పుడు క్లిఫర్డ్స్ టవర్ అంటారు.

దాని మీద 1190 మార్చిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అల్లరిమూకకు భయపడి సుమారు 150 మంది యూదులు, పిల్లాజెల్లాతో ఆ కర్ర బురుజులో తలదాచుకున్నారు. చాలామంది తమ చేతులతోనే ప్రాణాలు తీసుకున్నారు, మిగిలినవాళ్లను మూక చంపింది. బురుజు కాలిపోయింది. 1902లో దిబ్బను తవ్వినప్పుడు కాలిన కర్రలు బయటపడ్డాయి.

తర్వాత దిబ్బను ఇంకా ఎత్తు చేశారు. 1245లో మూడో హెన్రీ రాజు దానిపైన నాలుగు రేకుల పువ్వు ఆకారంలో రాతి బురుజు మొదలుపెట్టించాడు. అసలు చిక్కంతా అక్కడొచ్చింది. పోసిన మట్టిలో రేణువుల మధ్య గాలీ నీరూ ఉంటాయి. పైన బరువు పడితే అవి బయటికి పోయి, రేణువులు దగ్గరికి జరిగి, దిబ్బ కుంగుతుంది. అన్నివైపులా ఒకేలా కుంగితే పరవాలేదు, కానీ ఒకపక్క ఎక్కువ, ఒకపక్క తక్కువ దిగుతుంది. పూడ్చిన బావి మీద గోడ లేపితే ఏమవుతుందో మీరు చూశారుగా! కర్రయితే కాస్త వంగి సర్దుకుంటుంది, రాయి వంగదు, పగులుతుంది. పైగా 1315–16 వరదలు దిబ్బ అడుగు మట్టిని మెత్తబరిచాయి. ఆ శతాబ్దంలోనే బురుజు పైనుంచి కిందిదాకా రెండుచోట్ల బీటలిచ్చింది.

1684లో మళ్లీ నిప్పంటుకుని లోపలిదంతా బూడిదైంది. గోడలు మాత్రం ఈనాటికీ నిలిచాయి. 2022లో లోపల కర్రతో కొత్త అంతస్తు కట్టిన ఇంజనీర్లను నేను మెచ్చుకుంటాను. దాని బరువును పాత గోడలకు అప్పగించలేదు. నాలుగు స్తంభాల మీద నిలిపి, వాటి కింద వెడల్పాటి కాంక్రీటు పలక పరిచారు, బరువు మట్టి మీద ఒకచోటే పడకుండా.