గేరు మారితే కారు ఎందుకు కుదుపుతుంది?

ఆటోమేటిక్ కారులో గేరు మార్చే బలం ఆయిల్‌ది. పంపు దాన్ని ఒత్తిడితో తోస్తే, లోపలి క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఆయిల్ తగ్గితే పంపు గాలిని కూడా పీల్చుకుంటుంది. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది కదా, ఒత్తిడి చాలదు. ప్లేట్లు కాసేపు జారి, ఒక్కసారిగా పట్టుకుంటాయి. అదే ఆ కుదుపు!

అందుకే గేరుబాక్సు విప్పించి వేలకు వేలు పోసేముందు ఆయిల్ చూడాలి. చాలా కార్లలో కొత్తది ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు అరిగి ఉండొచ్చు. ఆయిల్ బాగుంటే? దాని దారులను తెరిచి మూసే సోలెనాయిడ్లను అనుమానించాలి. స్కానర్ తగిలిస్తే కారు కంప్యూటర్ కోడ్ రూపంలో ఆచూకీ ఇస్తుంది. ఒక్కోసారి వదులైన వైరు బిగిస్తే చాలు. ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్ చిరిగినా అచ్చం ఇలాగే కుదుపుతుంది, పాపం గేరుబాక్సు తప్పేమీ లేకుండానే!