కానగుర్త పేరు పట్టుకుని వెతికితే!

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలు ఒడ్డుకు చేరగానే బుట్టల్లో మిలమిల మెరిసే చేపల్లో కానగుర్త ఒకటి. కానాగంత అని కూడా అంటారు. దీనిపై ప్రాజెక్టు రాయవలసిన కాలేజీ విద్యార్థి ఇంటర్నెట్‌లో ఎలా వెతకాలి?

ఆంగ్లంలో ‘మాకెరెల్’ అని వెతికితే లెక్కలేనన్ని పేజీలు వస్తాయి. చిక్కంతా అక్కడే! అట్లాంటిక్ మాకెరెల్ వేరు, మన కానగుర్త వేరు. ఆ చల్లనీటి చేప గుడ్లు పెట్టే కాలాన్ని మన చేపకు అంటగడితే, వలకన్ను ఎంత ఉండాలి, వేట ఎప్పుడు ఆపాలి అన్న లెక్కలన్నీ తప్పుతాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటను నిషేధిస్తారు కదా! ఇటువంటి నిర్ణయాలకు సరైన సమాచారమే ఆధారం.

కనుక ముందు శాస్త్రీయ నామం తెలుసుకోవాలి. ‘ఫిష్‌బేస్’ అనే సమాచార భాండారంలో 35,000కు పైగా చేపజాతుల వివరాలున్నాయి. అందులో మన చేప పేరు ‘రాస్ట్రెల్లిజర్ కానగుర్త (కువియే, 1816)’. చూశారా, అందులో మన తెలుగు మాట!

ఇదెలా జరిగింది? 18వ శతాబ్దం చివర పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. ఆంగ్లంలో రక్తపింజరికి ఉన్న పేరు ఈయనదే. ఆయన ఇక్కడ సేకరించిన 200 చేపల బొమ్మలను, స్థానికులు పిలిచే పేర్లతో సహా, 1803లో పుస్తకంగా వెలువరించాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ పేరునే తీసుకున్నాడు.

కువియే పేరు చుట్టూ బ్రాకెట్లు ఎందుకు? ఆయన ఈ చేపను ‘స్కాంబర్’ ప్రజాతిలో చేర్చాడు. తరువాత ప్రజాతి మారింది. ఆ సంగతిని బ్రాకెట్లు తెలుపుతాయి. అందుచేత ‘రాస్ట్రెల్లిజర్’ అని మాత్రమే వెతికితే పాత రచనలు దొరకవు. ‘కానగుర్త’ అని రోమన్ లిపిలో వెతికితే పాతవీ కొత్తవీ దొరుకుతాయి.

రస్సెల్ పుస్తకాన్ని ‘బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ’లో ఉచితంగా చూడవచ్చు. 1947లో స్థాపించిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థకు విశాఖలోనూ కేంద్రముంది. ఆ సంస్థ పరిశోధన పత్రాలూ ఇంటర్నెట్‌లో ఉచితమే.

రెండు జాగ్రత్తలు పాటించాలి. ఒకే అంకె మూడు పేజీల్లో కనిపిస్తే మూడు సాక్ష్యాలని అనుకోకండి. మూడూ ఒకే పత్రం నుంచి ఎత్తిరాసినవి కావచ్చు. ఆ మూలపత్రాన్ని చదవాలి. రెండవది, పొడవును ఎలా కొలిచారో చూడాలి. కొందరు ముక్కు కొన నుంచి తోక చివరిదాకా, కొందరు తోక చీలికదాకా కొలుస్తారు. ఈ రెంటినీ కలిపితే లెక్క చెడుతుంది.

ఆపైన స్కేలు, నోటుపుస్తకం పట్టుకుని హార్బర్‌కు వెళ్ళి మీరే కొలవండి. మీ అంకె, పత్రంలోని అంకె కలవలేదా? ఎందుకు కలవలేదన్న ప్రశ్నతోనే పరిశోధన మొదలవుతుంది.