తలూపితే సరిపోదు

రోగి దగ్గర డాక్టరు ఉండేది కొద్ది నిమిషాలే. మందు ఎలా వాడాలి, ఏం తినాలి, ఏది కనిపిస్తే వెంటనే తిరిగి రావాలి అన్న సంగతులు ఎక్కువగా నర్సు చెబితేనే తెలుస్తాయి. మధుమేహం, సికిల్‌సెల్ వంటి ఏళ్ల తరబడి ఉండే జబ్బుల్లో రోజూ వైద్యం చేసుకునేది రోగే కాబట్టి, ఇలా నేర్పడం కూడా చికిత్సలో భాగమే.

ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రమైన బిలాస్‌పూర్‌లో ఈ పని మరికాస్త కష్టం. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఊళ్లో హిందీ, చుట్టుపక్కల పల్లెల్లో ఛత్తీస్‌గఢీ, కొన్ని ఇళ్లలో తెలుగు. హిందీ అంతగా రాని పెద్దావిడ తరఫున కొడుకు విని తలూపుతాడు. మాత్ర వేసుకోవలసింది మాత్రం ఆవిడ.

"అర్థమైందా?" అంటే అవుననని వాళ్లు అరుదు. అందుకే అనుభవమున్న నర్సు, "ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో చెప్పండమ్మా" అంటుంది. జవాబు తప్పితే తాను చెప్పిన తీరు మార్చుకుని మళ్లీ చెబుతుంది. ఇన్సులిన్ అయితే రోగి చేతనే సిరంజిలోకి తీయిస్తుంది. రోజూ ఒకేచోట పొడిస్తే చర్మం కింద కొవ్వు గట్టిపడి మందు సరిగా ఒంటపట్టదు. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను మట్టికుండ చల్లదనంలో దాచుకోవచ్చు. రాత్రి డ్యూటీవాళ్లకు వేరే పాఠం: మందు వేసుకుని తిండి వాయిదా వేస్తే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు మొదలైతే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి.

ఛత్తీస్‌గఢ్‌లో సికిల్‌సెల్ ఎక్కువ. బిలాస్‌పూర్‌కు దగ్గర్లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఒకే జబ్బున్నవాళ్లను పల్లెల్లో బృందాలుగా కూర్చోబెడుతుంది. సాటి రోగి మాటకున్న బరువు తెల్లకోటు మాటకు ఎప్పుడూ రాదు. అన్నిటికన్నా కష్టంగా తలకెక్కేది వారసత్వం లెక్క. తల్లిదండ్రులిద్దరూ సికిల్‌సెల్ జన్యువు మోస్తున్నవారైతే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం అంటే, నలుగురిలో ఒకరికి వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురూ క్షేమమని అనుకుంటారు. ప్రతి కాన్పుకూ ఆ 25 శాతం కొత్తగా మొదలవుతుందని విడమరిచి చెప్పాలి. నీళ్లు బాగా తాగించడం, చలి తగలనివ్వకపోవడం, డాక్టరు హైడ్రాక్సీయూరియా మందు రాస్తే రోజూ మానకుండా వేయడం తల్లికి త్వరగానే పట్టుబడతాయి. బిడ్డకు జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలన్నది మాత్రం వచ్చిన ప్రతిసారీ చెప్పించుకోవలసిందే.